లా విద్యార్థులకు నీతిశాస్త్రం చెప్పడం ఎలా

లా కాలేజీలో నీతిశాస్త్రం చెప్పబోతున్నారా? అయితే ముందు మీ ఎదురుగా కూర్చునే వాళ్ళ గురించి ఒక్క మాట. తత్వశాస్త్రం చదివే పిల్లలకు లేని విద్య ఒకటి వీళ్ళకు అప్పటికే అబ్బి ఉంటుంది: ఏ పక్షం ఇస్తే ఆ పక్షం వాదించడం. మూట్ కోర్టులో, అంటే వాదన సాధన కోసం కాలేజీలో నడిపే ఉత్తుత్తి కోర్టులో, పొద్దున ఫిర్యాది తరఫున ఎంత ధాటిగా మాట్లాడతారో, మధ్యాహ్నం ముద్దాయి తరఫున అంతే ధాటిగా మాట్లాడతారు. వృత్తికి అది కావలసిందే, తప్పు పట్టక్కర్లేదు. కానీ నీతి క్లాసులో ఆ విద్యే అడ్డం తిరుగుతుంది. “ఇది చెయ్యదగ్గ పనేనా?” అని అడిగితే “అలాగూ వాదించొచ్చు, ఇలాగూ వాదించొచ్చు సార్” అని తప్పుకుంటారు. సెమిస్టరంతా మీరు చెయ్యాల్సిన పని ఆ తప్పుకునే దారి మూసెయ్యడమే. నువ్వేమంటావు, ఎందుకంటావు, ఆ మాట మీద నిలబడితే నీకేం నష్టం? ఈ మూడూ వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పేలా చెయ్యాలి.

మామూలుగా ఈ పేపరు రెండు రకాలుగా చెడుతుంది. ప్లేటోతో మొదలుపెట్టి వారానికో తత్వవేత్త చొప్పున వరసగా లాక్కెళ్ళడం ఒకటి. పరీక్ష అయ్యాక ఒక్క పేరూ గుర్తుండదు. వృత్తి నియమావళిని సెక్షన్ల వారీగా చదివి వినిపించి “ఎథిక్స్ అయిపోయింది” అనడం రెండోది. దీనికో చరిత్ర ఉంది. అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణం బయటపడుతున్న రోజుల్లో అధ్యక్షుడి న్యాయ సలహాదారు జాన్ డీన్, కేసుల్లో ఇరుక్కునేలా ఉన్నవాళ్ళ జాబితా ఒకటి రాసుకుని లాయర్ల పేర్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టాడు. ఇంతమంది లాయర్లు ఇందులోకి ఎలా వచ్చారా అని తనే విస్తుపోయానని 1973లో సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. మరుసటి ఏడాదే అమెరికన్ బార్ అసోసియేషన్ తన గుర్తింపు ఉన్న లా స్కూళ్ళలో వృత్తి బాధ్యత బోధించడం తప్పనిసరి చేసింది. భారత బార్ కౌన్సిల్ 2008 నాటి న్యాయవిద్య నిబంధనల్లో కూడా వృత్తి నీతి తప్పనిసరి పేపరే. మంచిదే. అయితే ఆ వాటర్‌గేట్ లాయర్లు నియమాలు తెలియక ఆ పనులు చెయ్యలేదు. ఏం చేస్తే సనదు (లాయరుగా పనిచేసే అనుమతి) పోతుందో నియమావళి చెబుతుంది. సనదు పోకుండానే ఎంత చెడు చెయ్యొచ్చో అది చెప్పదు, చెప్పలేదు కూడా.

సిద్ధాంతాలకు ముందు కేసులు ఎంచుకోండి

సెమిస్టరు మొదలవకముందే ఆరు కేసులు ఎంచి పెట్టుకోండి. అంతకు మించితే ఒక్కో కేసుకు రెండు మూడు క్లాసులు ఇవ్వలేరు; ఇవ్వకపోతే ఈ పద్ధతే పనిచెయ్యదు. ఎంపికలో నేను చూసేవి ఇవి. రెండు వైపులా బుద్ధిమంతులు నిజాయితీగా నిలబడగలిగేలా ఉండాలి. లంచం తీసుకున్న జడ్జి కథ చెబితే అందరూ తలూపుతారు, చర్చ అక్కడితో సరి. వాస్తవాలు రికార్డులో వివరంగా దొరకాలి. చట్టం ఇచ్చిన జవాబుకూ మనసు ఇచ్చే జవాబుకూ మధ్య ఎక్కడో ఒకచోట ఎడం కనిపించాలి.

ట్రాలీ సమస్యతో మొదలుపెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అదుపు తప్పిన బండి, ఒక పట్టా మీద ఐదుగురు, ఇంకో పట్టా మీద ఒక్కడు. 1967లో ఫిలిప్పా ఫుట్ ఒక వ్యాసంలో ఎత్తుకున్న ప్రశ్న ఇది. తత్వశాస్త్రం విద్యార్థులకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. లా విద్యార్థులకు మాత్రం నేను సిఫారసు చెయ్యను. వాళ్ళ శిక్షణంతా వాస్తవాలను తవ్వడంలో ఉంటుంది. “బ్రేకులు ఎవరు చూసుకోవాలి సార్? ఆ ఐదుగురు పట్టాల మీదికి ఎలా వచ్చారు?” అంటారు. మీరు “అవన్నీ వదిలెయ్యండి” అంటారు. అలా వదిలెయ్యమనడం వాళ్ళకు అన్ని క్లాసుల్లో నేర్పుతున్నదానికి సరిగ్గా ఎదురు. నిజంగా జరిగిన కేసులో ఈ తంటా ఉండదు. తవ్వినకొద్దీ ఏదో ఒకటి దొరుకుతుంది.

మొదటి క్లాసు: పడవలో నలుగురు

సిలబస్ గురించీ తత్వవేత్తల గురించీ ఏమీ చెప్పకుండా నేరుగా కథలోకి దిగండి. డడ్లీ, స్టీఫెన్స్ కేసు ఈ పనికోసమే పుట్టినట్టుంటుంది. 1884 మే నెలలో మిన్యొనెట్ అనే చిన్న ఓడ ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు బయల్దేరింది. జూలై 5న దక్షిణ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. కెప్టెన్ డడ్లీ, స్టీఫెన్స్, బ్రూక్స్, 17 ఏళ్ళ కుర్రాడు పార్కర్ ఒక చిన్న పడవలోకి ఎక్కారు. చేతిలో ఉన్నది రెండు టర్నిప్ డబ్బాలు. తాగే నీళ్ళు లేవు. మధ్యలో ఒక తాబేలు దొరికింది, అదీ అయిపోయింది. పార్కర్ సముద్రపు నీళ్ళు తాగి జబ్బుపడ్డాడు. డడ్లీకీ స్టీఫెన్స్‌కీ భార్యాబిడ్డలున్నారు, పార్కర్ అనాథ. చీట్లు వేద్దామన్న మాట వచ్చింది కానీ వెయ్యలేదు. 20వ రోజున డడ్లీ, స్టీఫెన్స్ కలిసి ఆ కుర్రాణ్ణి చంపారు. బ్రూక్స్ చంపడానికి ఒప్పుకోలేదు. తినడం మాత్రం ముగ్గురూ తిన్నారు. ఆ తర్వాత నాలుగో రోజున ఒక జర్మన్ ఓడ వాళ్ళను కాపాడింది. ఒడ్డుకు చేరాక డడ్లీ ఏదీ దాచకుండా తనే అంతా చెప్పేశాడు.

ఇక్కడ ఆపండి. కోర్టు ఏమందో చెప్పకండి, చర్చ కూడా మొదలవనివ్వకండి. చిన్న చీటీలు పంచి మూడు ప్రశ్నలకు జవాబులు రాయించండి. వాళ్ళు చేసింది తప్పా? కోర్టు శిక్షించాలా? ఆ పడవలో మీరుంటే ఏం చేసేవారు? ఒక్కోదానికి ఒక్క వాక్యం, కింద పేరు. ఐదు నిమిషాలు చాలు. రాయించడం ఎందుకంటే, రాయించకపోతే క్లాసులో అందరికంటే ముందు లేచి, అందరికంటే బాగా మాట్లాడినవాడి అభిప్రాయమే క్లాసు అభిప్రాయమైపోతుంది. లా కాలేజీలో అలాంటి వాళ్ళకు కొదవ ఉండదు. చీటీ మీద ఒకసారి పెట్టిన మాటను దాటిపోవడం కష్టం. వెనక బెంచీలో ఎప్పుడూ నోరెత్తని అమ్మాయి మాటకు కూడా అప్పుడు బోర్డు మీద చోటు దొరుకుతుంది.

లెక్క బోర్డు మీద వెయ్యండి. మూడు జవాబులూ ఒకే దారిలో నడవవని క్లాసుకే కనిపిస్తుంది. “తప్పే, కానీ శిక్షించకూడదు” అనేవాళ్ళు ఉంటారు. “తప్పు, శిక్షించాల్సిందే, నేనైనా అదే చేసేవాణ్ణి” అని రాసినవాళ్ళు ఒకరిద్దరు తప్పకుండా తగులుతారు. వాళ్ళను వదలకండి. “అయితే నీకు పడే శిక్షకు నువ్వు ఒప్పుకుంటావా?” అని అడగండి. ఒక పనిని తప్పనడం, దానికి శిక్ష వెయ్యడం, ఆ పరిస్థితిలో నేను ఏమయ్యేవాణ్ణో తెలుసుకోవడం వేర్వేరు ప్రశ్నలని ఆ ఒక్క సంభాషణతో తేలిపోతుంది. గంటసేపు ఉపన్యాసమిచ్చినా అంత తేటగా తేలదు.

ఆ తర్వాత వాస్తవాలను ఒక్కొక్కటే మార్చుతూ పోండి. చీట్లు వేసి ఉంటే? పార్కరే “నన్ను చంపండి” అని ఉంటే? ఎలాగూ రెండు గంటల్లో పోతాడని తేలి ఉంటే? చంపింది కెప్టెన్‌ను అయితే? మారుస్తున్న ప్రతిసారీ “జవాబు మార్చుకునేవాళ్ళు చేతులెత్తండి” అనండి. ఎత్తినవాళ్ళను ఎందుకని అడగండి, ఎత్తనివాళ్ళను అంతకంటే గట్టిగా అడగండి. చీట్లు వేస్తే ఫర్వాలేదన్నవాడికి కావలసింది న్యాయమైన పద్ధతి. పార్కర్ ఒప్పుకుంటే ఫర్వాలేదన్నవాడికి కావలసింది సమ్మతి. అప్పటిదాకా ఒకే గుంపుగా కనిపించినవాళ్ళు అక్కడ విడిపోతారు.

తీర్పు రెండో క్లాసుకు దాచండి. లార్డ్ కోల్‌రిడ్జ్ అవసరమనే వాదాన్ని ఒప్పుకోలేదు. ఇలాంటి అవసరానికి జడ్జి ఎవరు, ప్రాణాల విలువను ఏ కొలబద్దతో కొలుస్తారు అని అడిగాడు. అందరికంటే చిన్నవాణ్ణీ బలహీనుణ్ణీ ఎంచుకున్నారు, పెద్దవాళ్ళలో ఒకర్ని చంపడం కంటే అతణ్ణి చంపడం ఎక్కువ అవసరమెలా అయిందన్నాడు. మరణశిక్ష పడింది. తర్వాత ప్రభుత్వం దాన్ని ఆరు నెలల జైలుగా తగ్గించింది. “కోర్టు ఒక మాట, ప్రభుత్వం ఒక మాట. ఇది ద్వంద్వ నీతా, లేక ఇద్దరూ చెయ్యాల్సిన పనే చేశారా?” ఈ ప్రశ్నతో ఇంకో అరగంట గడిచిపోతుంది.

పేర్లు వాళ్ళ మాటల తర్వాతే

క్లాసులో వచ్చిన కారణాలను బోర్డు మీద మూడు గుంపులుగా రాస్తూ పోండి. పైన శీర్షిక పెట్టకండి. “ముగ్గురు బతికారు కదా” ఒక వైపు. “వాణ్ణి వస్తువులా వాడుకున్నారు” ఒక వైపు. “కెప్టెన్ అన్నవాడు అలా చేస్తాడా?” ఇంకో వైపు. గుంపులు నిండాక అప్పుడు చెప్పండి: మొదటి మాటను బెంథమ్, మిల్ ప్రయోజనవాదమనే పద్ధతిగా మలిచారు, రెండోదాన్ని కాంట్, మూడోదానికి మూలం అరిస్టాటిల్ దగ్గరుంది. తను అన్న మాటకే ఇంత వంశవృక్షం ఉందని తెలిసిన విద్యార్థి నాలుగు పేజీల కాంట్‌ను చదివే తీరు వేరుగా ఉంటుంది. నాలుగు పేజీలే ఇవ్వండి. నలభై ఇస్తే ఎవరూ చదవరు, చదివినట్టు నటించడం మాత్రం నేర్చుకుంటారు.

ఇచ్చాక ప్రతి సిద్ధాంతంలోనూ గొంతు దిగని ముద్ద ఏదో దాని అభిమానికే తినిపించండి. ప్రయోజనవాదం నచ్చినవాణ్ణి, ఆసుపత్రిలో ఒక ఆరోగ్యవంతుడి అవయవాలతో ఐదుగురు రోగులను బతికించొచ్చా అని అడగండి. కాంట్ నచ్చినవాడికి 1797లో ఆయన రాసిన చిన్న వ్యాసం ఇవ్వండి: హంతకుడు తలుపు కొట్టి నీ మిత్రుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధం చెప్పే హక్కు నీకు లేదంటాడు. ఇక్కడ లా విద్యార్థులు వెంటనే “మౌనంగా ఉండొచ్చు కదా” అంటారు. అనుమతించండి. మౌనానికీ అబద్ధానికీ తేడా వాళ్ళ వృత్తిలో రోజూ పని పడేదే.

అరిస్టాటిల్ నుంచి లా క్లాసుకు నేను ఒక్కటే తీసుకుంటాను. చట్టం అందరికీ వర్తించేలా మాట్లాడుతుంది కాబట్టి ఒక్కోచోట తప్పిపోతుంది, ఆ తప్పును సరిదిద్దేది సమన్యాయం అంటాడు. రాయి ఎలా వంగితే అలా వంగే లెస్బోస్ తాపీవాళ్ళ సీసపు కొలబద్దతో దాన్ని పోలుస్తాడు. ఈ మాట పక్కన 1889లో న్యూయార్క్ అప్పీలు కోర్టు తేల్చిన రిగ్స్, పామర్ కేసు పెట్టండి. తాత వీలునామా మారుస్తాడేమోనని మనవడు విషం పెట్టి చంపాడు. వీలునామా చట్టంలో హంతకుడికి ఆస్తి రాకూడదని ఎక్కడా లేదు. తన తప్పు వల్ల ఎవరూ లాభపడకూడదన్న సూత్రం మీద మెజారిటీ ఆస్తి ఇవ్వలేదు. చట్టంలో లేని శిక్షను కోర్టు ఎలా కలుపుతుందని జడ్జి గ్రే విభేదించాడు. క్లాసులో చాలామంది మెజారిటీ వైపే ఉంటారు. గ్రే వైపు నిలబడే ఒక్కరినైనా వెతికి పట్టుకోండి, లేకపోతే ఆ రోజుకు మీరే నిలబడండి.

చట్టం ఏమంటోంది, ఏమని ఉండాలి

ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసి మాట్లాడటం లా విద్యార్థుల్లో చాలా మామూలు. విడదీయడానికి నాకు తెలిసినంతలో ఎ.డి.ఎం. జబల్‌పూర్ కేసును మించింది లేదు. ఎమర్జెన్సీలో కారణం చెప్పకుండా నిర్బంధించినవాళ్ళు హేబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చమని కోర్టును కోరే పిటిషన్) వేశారు. తొమ్మిది హైకోర్టులు ఆ పిటిషన్లు వినొచ్చన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4–1తో వినడానికి వీల్లేదంది. విభేదించినవాడు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే. వాదనల్లో ఆయన అటార్నీ జనరల్‌ను అడిగిన ప్రశ్న క్లాసులో చదివి వినిపించదగ్గది: ఒక పోలీసు అధికారి సొంత కక్షతో మనిషిని చంపేసినా దారి లేదా? ఎమర్జెన్సీ ఉన్నంతవరకు తన వాదన ప్రకారం లేదన్నదే జవాబు.

విద్యార్థులు సాధారణంగా “మెజారిటీ చట్టం ప్రకారం వెళ్ళింది, ఖన్నా మనస్సాక్షి ప్రకారం వెళ్ళాడు” అని తేల్చేస్తారు. వినడానికి బాగుంటుంది, నిజం కాదు. ఖన్నా తీర్పు తెచ్చి చదివించండి. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం లేకపోయినా చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ రాజ్యం తీసుకోలేదన్నది పూర్తిగా చట్టపు వాదన. అయితే ఆ వాదన ఐదుగురికీ అందుబాటులోనే ఉండగా ఒక్కరే ఎందుకు ఎత్తుకున్నారు? నీతి చట్టంలోకి ఏ తలుపులోంచి వస్తుందో ఇక్కడ వాళ్ళే వెతుక్కోవాలి. ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెబితే చాలు: 1977 జనవరిలో సీనియారిటీ దాటవేసి ఇంకొకరిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు, ఖన్నా రాజీనామా చేశాడు, ఎమర్జెన్సీలో కూడా ప్రాణ, స్వేచ్ఛ హక్కులను ఆపకూడదంటూ 1978లో రాజ్యాంగానికి 44వ సవరణ వచ్చింది, 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది ధర్మాసనం పాత తీర్పును కొట్టేసింది. అందులో ప్రధాన తీర్పు రాసిన డి.వై. చంద్రచూడ్, 1976 మెజారిటీలో ఉన్న వై.వి. చంద్రచూడ్ కొడుకు. ఈ మాట చెప్పగానే క్లాసులో గుసగుసలు మొదలవుతాయి; ఓ నిమిషం ఆగి చర్చలోకి మళ్ళీ లాగండి. జర్మన్ ఉదాహరణ కావాలనుకుంటే నాజీ చట్టాల గురించి జర్మన్ న్యాయవేత్త రాడ్‌బ్రుక్ 1946లో రాసింది, నీతికి విరుద్ధమైన చట్టం చట్టమేనా అని 1958లో న్యాయతత్వవేత్తలు హార్ట్, ఫుల్లర్ల మధ్య నడిచిన వాదం తీసుకోండి. రెండూ పెడితే సమయం చాలదు.

లాయరు నీతి, మనిషి నీతి

సెమిస్టరులో సగం దీనికే ఇచ్చినా నేను కాదనను. మిగతా మనుషులు చెయ్యకూడని పనిని లాయరు లాయరు కాబట్టి చెయ్యొచ్చా?

1973లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక హత్య కేసు ముద్దాయి తన ఇద్దరు లాయర్లకు ఇంకో ఇద్దరు స్త్రీలను కూడా చంపానని, శవాలు ఎక్కడున్నాయో చెప్పాడు. లాయర్లు వెళ్ళి చూశారు, ఫొటోలు తీసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. చనిపోయినవాళ్ళలో ఒకరి తండ్రి, తన కూతురి గురించి ఏమైనా తెలుసా అని లాయరు దగ్గరికే వచ్చాడు. అప్పుడూ చెప్పలేదు. 1974లో విచారణలో ముద్దాయే బోనులో ఆ హత్యల గురించి బయటపెట్టాడు. జనం మండిపడ్డారు, శవాలకు సరైన ఖననం జరగనివ్వలేదంటూ ఒక లాయరు మీద ప్రజారోగ్య చట్టం కింద అభియోగం మోపారు. కోర్టు దాన్ని కొట్టేసింది.

నియమావళి ప్రకారం జవాబు తేలిక: క్లయింటు రహస్యం. అందుకే అక్కడ మొదలుపెట్టొద్దు. తత్వవేత్త రాల్స్ 1971లో ప్రతిపాదించిన అజ్ఞానపు తెరను, అంటే తన స్థానం ఏదో తెలియకుండా నియమం ఎంచుకోవడాన్ని, ఇక్కడ పని చేయించండి. “రేపు ఈ కేసులో నువ్వు ముద్దాయివో, లాయరువో, కూతురి కోసం తిరుగుతున్న తండ్రివో, ఇంకో ఊళ్ళో అన్యాయంగా ఇరికించిన అమాయకుడివో తెలియదు. క్లయింటు చెప్పిన రహస్యాల గురించి ఒక నియమం రాయి, మూడు వాక్యాలు మించకూడదు.” రాసినవి జంటలుగా మార్పించి, ఒకరి నియమానికి ఇంకొకరు చిల్లులు పెట్టేలా చూడండి. ప్రాణం పోయే ప్రమాదముంటే చెప్పొచ్చు అని ఒకరు మినహాయింపు పెడతారు. “ఈ ఇద్దరూ అప్పటికే చనిపోయారు కదా” అని ఇంకొకరు అంటారు. అసలు మినహాయింపు ఉందని తెలిస్తే ముద్దాయి నోరు విప్పుతాడా అని మూడోవాళ్ళు. ఆ పూటకు మీరు పెద్దగా మాట్లాడక్కర్లేదు.

దీనికి జతగా స్పాల్డింగ్, జిమ్మర్‌మన్ కేసు పెట్టండి. 1956లో కారు ప్రమాదం. గాయపడిన కుర్రాడు నష్టపరిహారానికి దావా వేశాడు. ప్రతివాదుల తరఫు డాక్టరు పరీక్షించి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉబ్బి ఉందని, ప్రాణానికి ముప్పని రిపోర్టు ఇచ్చాడు. కుర్రాడికీ అతని లాయరుకూ ఇది తెలియదు. ఆ రిపోర్టు ఇమ్మని అతని లాయరు అడగనూ లేదు. ప్రతివాదుల లాయర్లు నోరు మెదపకుండా 6,500 డాలర్లకు రాజీ చేసుకున్నారు. 1959లో సైన్యం రిజర్వు కోసం చేసిన వైద్య పరీక్షలో సంగతి బయటపడి ఆపరేషన్ జరిగింది. 1962లో మిన్నెసోటా సుప్రీంకోర్టు రాజీని తిరగదోడటాన్ని సమర్థించింది, అదీ కుర్రాడు మైనరు, రాజీకి కోర్టు ఆమోదం అవసరమైంది కాబట్టి. ఎదుటి పక్షానికి చెప్పి తీరాలన్న బాధ్యత ప్రతివాదుల లాయర్లకు లేదనే అంది.

క్లాసు రెండుగా చీలిపోయి కొట్టుకుంటుంది: చెప్పాలి, చెప్పకూడదు. చాలాసేపు ఎవరికీ తట్టని మూడో దారి ఒకటుంది. లాయరు తన క్లయింటును పిలిచి “ఇలా ఉంది సంగతి, ఆ అబ్బాయికి చెబుదామా?” అని అడగొచ్చు. రహస్యం క్లయింటుది, వదులుకునే హక్కూ క్లయింటుదే. తన క్లయింటు డబ్బు తప్ప ఇంకేమీ పట్టని మనిషి అని లాయరు ముందే ఎందుకు అనుకున్నాడు? ఆ ఫోను సంభాషణను ఇంట్లో రాసుకురమ్మనండి, లాయరు మాటలు, క్లయింటు మాటలు రెండూ. నా దృష్టిలో ఈ పేపరులో ఇవ్వదగ్గ హోంవర్కుల్లో అన్నిటికంటే మంచిది ఇదే.

“నేరం చేశాడని తెలిసినవాడి కేసు తీసుకోవచ్చా?” ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో మహమ్మద్ రఫీ కేసులో భారత సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఇక్కడ చెప్పి, ముందుకు సాగండి. మొత్తం బార్ తలుపులు మూసెయ్యడం వేరు, ఒక లాయరు నాకొద్దనడం వేరు. ఆ తేడా ఎత్తిచూపితే చాలు.

తప్పుకునే దారులు మూయడం

ద్రౌపది సభలో అడిగింది అచ్చమైన లా ప్రశ్న: ధర్మరాజు ముందు తనను తాను ఓడాడా, నన్ను ఓడాడా? తనమీదే హక్కు పోయినవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కెక్కడిది? భీష్ముడు రెండు వైపుల వాదనా చూశాడు. హక్కు లేనివాడు పరధనం ఒడ్డలేడు, నిజమే. భార్య భర్త అధీనంలో ఉంటుందనేదీ ఉంది. ధర్మం సూక్ష్మం, నీ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతున్నానని ఊరుకున్నాడు. వికర్ణుడు చిన్నవాడు. లేచి, వ్యసనంలో ఉన్నవాడు చేసింది చెల్లదని, ఆమె ఒక్కడి భార్య కాదని, అప్పటికే ఓడిపోయినవాడు ఒడ్డాడని, శకుని ఉసిగొల్పితే ఒడ్డాడని కారణాలు వరసగా చెప్పి, ఆమెను గెలిచినట్టు కాదని తీర్పిచ్చాడు. ఇద్దరిలో చట్టం ఎక్కువ తెలిసినవాడు ఎవరో, ఆ పూట పనికొచ్చినవాడు ఎవరో క్లాసునే అడగండి. “రెండు వైపులా వాదించొచ్చు” అనే జవాబు ఆ తర్వాత బాగా తగ్గుతుంది.

ఇంకో ఉపాయం: క్లాసు చివరి పది నిమిషాలు “ఇలా కూడా అనొచ్చు” అన్న మాట నిషేధించండి. ఆ పది నిమిషాల్లో “నేను” అని మొదలయ్యే వాక్యాలే రావాలి. మొదట్లో నవ్వుకుంటారు, తర్వాత ఇబ్బందిపడతారు, అలవాటుపడతారు.

“ఎవరి నీతి వాళ్ళది సార్” అనేది ఇంకో దారి. దీనికి తత్వశాస్త్రంలోంచి జవాబు వెతకడం కంటే ఆ విద్యార్థి రాసిన మూట్ మెమోరియల్ (మూట్ కోర్టుకు రాసిచ్చే వాదన) తెప్పించడం మేలు. అందులో “అన్యాయం”, “అక్రమం”, “సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం” అన్న మాటలు కింద గీత గీయించండి. ఇవి నీకు మాత్రమే అలా తోచాయా, జడ్జికి కూడా తోచాలని రాశావా? జడ్జికి కూడా తోచాలంటే, ఎదుటివాడు ఒప్పుకోదగ్గ కారణం ఏదో ఉండాలి కదా. అక్కడినుంచి సంభాషణ మళ్ళీ దారిన పడుతుంది.

మరి మీ అభిప్రాయం చెప్పాలా? చీటీలు రాయడం అయ్యేదాకా చెప్పకండి. చెబితే మార్కుల కోసం సగంమంది అటు తిరుగుతారు. చివర్లో ఎవరైనా అడిగితే కారణాలతో సహా చెప్పండి, మిమ్మల్ని ఖండించమనండి. నాకు ఏ అభిప్రాయమూ లేదని నటిస్తూ కూర్చునే మాస్టారిని చూసి పిల్లలు నేర్చుకునేది అదే నటన.

ఒక జాగ్రత్త. అత్యాచారం కేసులో బాధితురాలిని క్రాస్ ఎగ్జామిన్ చెయ్యడం లాంటి అంశాలు ఎత్తుకునేటప్పుడు ముందు క్లాసులోనే చెప్పి ఉంచండి. ఆ రోజు మాట్లాడటం ఇష్టంలేనివాళ్ళు రాసి ఇవ్వొచ్చని చెప్పండి, కారణం అడక్కండి.

చిన్న తప్పులకు రిహార్సలు

మన విద్యార్థుల్లో పడవలో ఇరుక్కునేవాళ్ళు ఉండరు. తేదీ మార్చమనే సీనియర్ మాత్రం అందరికీ ఎదురవుతాడు. 1960ల మొదట్లో యేల్‌లో మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగం ఇక్కడికి సరిపోతుంది. ఇంకో మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా అతనికి షాకు ఇమ్మని ప్రయోగం నడిపేవాడు మామూలు మనుషులకు చెబుతాడు. షాకు 15 వోల్టుల చొప్పున పెరుగుతూ 450 దాకా వెళుతుంది. బాగా పేరుపడ్డ విడతలో 40 మందిలో 26 మంది చివరిదాకా వెళ్ళారు. షాకులు ఉత్తుత్తివని వాళ్ళకు తెలియదు. విద్యార్థులు చూడాల్సింది 450ని కాదు, మధ్యలో ఉన్న 15లను. ముందు మెట్టుకూ తర్వాతి మెట్టుకూ తేడా లేనట్టే ఉంటుంది, ఆగడానికి కారణం దొరకదు.

తర్వాత రిహార్సలు. ఒకరు సీనియర్, ఒకరు కొత్తగా చేరిన జూనియర్. గడువు మూడు రోజుల కిందట దాటిపోయింది. సీనియర్ అఫిడవిట్ చేతికిచ్చి “పాత తేదీ వేసి నోటరీ చేయించుకురా, అందరూ చేసేదే” అంటాడు. జూనియర్ ఏమంటాడో ఖచ్చితంగా ఏ మాటల్లో అంటాడో అనిపించండి. “ఇది అనైతికం సార్” అనేవాడు మర్నాడు ఆఫీసులో ఉండడు, పైగా నిజజీవితంలో ఎవరూ అలా అనరు. కాస్త తర్ఫీదు అయ్యాక ఇలాంటి మాటలు వస్తాయి: “సార్, ఇవాళ్టి తేదీతోనే వేసి, ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ డ్రాఫ్టు చేసి సాయంత్రంలోగా మీ టేబుల్ మీద పెడతాను. క్లయింటుకు ఒంట్లో బాలేదన్నారు కదా, మెడికల్ సర్టిఫికెట్ ఉంటే చాలు.” కాదనడంతో పాటు సీనియర్‌కు ఒక దారి కూడా చూపిస్తున్నాడు. సీనియర్ పాత్ర వేసేవాణ్ణి అంత తేలిగ్గా ఒప్పుకోవద్దని ముందే చెప్పి ఉంచండి: “నాకు చెప్పేంతటివాడివయ్యావా?” అనమనండి. రెండోసారి ఏమనాలన్నదే అసలు కష్టం. పాత్రలు మార్చి మళ్ళీ చేయించండి.

ప్రశ్నపత్రం, మార్కులు

“కాంట్ సిద్ధాంతాన్ని వివరింపుము” అన్న ప్రశ్న ఒక్కటి పెట్టినా పైన చేసిందంతా వృథా. చదవని కేసు ఒకటి ఇవ్వండి. ఉదాహరణకు: మీరు ఒక నిర్మాణ సంస్థ లాయరు. అపార్ట్‌మెంటు గోడల బీటల గురించి దావా రాజీకి వచ్చింది. మీ ఇంజనీరు రిపోర్టులో పునాది లోపం ఉంది. అవతలి పక్షం అడగలేదు. భవనంలో 40 కుటుంబాలున్నాయి. క్లయింటు “వద్దు, చెప్పకు” అన్నాడు. మీరేం చేస్తారు, రేపు పొద్దున్నే చేసే మొదటి పని ఏమిటి?

విద్యార్థి ఏ వైపు తేల్చాడన్నదానికి మార్కు ఇవ్వకండి, ఆ సంగతి ముందే చెప్పండి. ఇరవై మార్కులైతే నాలుగు వాస్తవాలను సరిగ్గా పట్టుకున్నందుకు, నాలుగు చట్టం చెప్పేదాన్ని తన అభిప్రాయంతో కలపకుండా రాసినందుకు, నాలుగు తన నిర్ణయాన్ని కారణంతో చెప్పినందుకు. మిగతా ఎనిమిదీ తన నిర్ణయానికి ఎదురుగా వచ్చే గట్టి అభ్యంతరాన్ని నీరుగార్చకుండా రాసి, దానికి జవాబిచ్చినందుకు. ఎదుటివాడి వాదనను బలహీనంగా రాసి కొట్టిపారేసినవాడికి ఆ ఎనిమిదిలో రెండుకు మించి ఇవ్వొద్దు. ఏ నిర్ణయమూ చెప్పకుండా రెండు వైపులా అందంగా రాసినవాడికి నిర్ణయం తాలూకు నాలుగూ సున్నా. ఎంత బాగా రాసినా సరే. ఫిర్యాదు చేస్తారు. పేపరు చేతిలో పెట్టి, నిర్ణయం ఉన్న వాక్యం ఏదో గీత గీసి చూపించమనండి.